క్లచ్ చెక్క

ట్రాక్టరు వెళ్ళి గోడను గుద్దిన రోజు నుంచీ మామగారు తనను తాను నమ్మడం మానేశారు.

"అమ్మాయ్, నేను టీ తాగానా?" అని అడిగేవారు పొద్దున్నే వంటింటి గుమ్మంలో నిలబడి.

"తాగారు మామయ్యా. ఇందాకే."

"ఓహో." ఖాళీ గ్లాసు చేతిలోనే ఉండేది. అందులోకి వంగి చూసుకుని, అడుగున టీ మరక కనిపిస్తే గానీ ఆయన మనసు కుదుటపడేది కాదు. చెప్పులు ఎక్కడ విడిచారో చిన్న కాగితం మీద రాసుకునేవారు. ఆ కాగితం ఎక్కడ పెట్టారో మనవరాలిని అడిగేవారు. ఏడేళ్ళ చిట్టికి ఇదంతా ఆటలా ఉండేది.

"తాతయ్యా, నీ ముక్కెక్కడుందో రాసుకున్నావా?"

ఆయన నవ్వేవారు. నవ్వుతూనే చెయ్యి ఒకసారి ముక్కు దాకా వెళ్ళి వచ్చేది.

ఆ చెయ్యి అలా వెళ్ళి రావడం చూస్తే కోడలికి ప్రాణం చివుక్కుమనేది. ఆమె కాపురానికి వచ్చిన కొత్తలో ఈ మనిషి ఎలా ఉండేవారో ఆమెకు తెలుసు. పక్క పొలంలో ఎవరి బండి నడుస్తున్నా ఇంట్లో కూర్చుని చెవొగ్గి, "వాడి డీజిల్ ఫిల్టరు నిండిపోయింది, చెప్పండి వాడికి" అనేవారు. ముప్పై ఏళ్ళ ట్రాక్టరు మీద ఒక్క చుక్క నూనె ఎక్కడ కారినా ఆయన కంటపడకుండా పోయేది కాదు. అలాంటి మనిషి ఇప్పుడు లోటాడు నీళ్ళు తాగడానికి కూడా ఒక సాక్షిని వెతుక్కుంటున్నారు.

గోడ సంగతి జరిగి రెండు నెలలైంది. ఆ ఏడు మొదటి దుక్కికి బండి తీసిన రోజది. కోతలయ్యాక షెడ్డులో పెట్టిన ట్రాక్టరు నాలుగు నెలల పైగా కదల్లేదు. షెడ్డు నేల కాస్త వాలు, హ్యాండ్ బ్రేకు పేరుకే ఉంది, అందుకని ఆయన బండిని ఎప్పుడూ గేరులో వేసి ఆపేవారు. తీసేటప్పుడు క్లచ్ తొక్కి పట్టి తాళం తిప్పేవారు. ఆ రోజూ తిప్పారు. బండి ఒక్క ఉదుటున ముందుకు దూకింది. షెడ్డు వెనక గోడ భళ్ళున కూలి, అవతల బట్టలుతికే చోట కుప్పపోసినట్టు పడింది. ఐదు నిమిషాల ముందు చిట్టి అక్కడే కూర్చుని సబ్బు నీళ్ళతో బుడగలూదుతూ ఉంది. జడ వెయ్యడానికి తల్లి కేకేసి లోపలికి పిలిచింది కాబట్టి సరిపోయింది.

కోడలు సగం అల్లిన జడనూ దాంతోపాటు పిల్లనూ పట్టుకునే బయటికి పరుగెత్తింది. దుమ్ము అణిగేసరికి మామగారు సీటు మీద అలాగే కూర్చుని ఉన్నారు. ఇంజను ఆపేశారు. "తొక్కాను... తొక్కే ఉన్నాను..." అంటున్నారు, ఎవరితోనో తెలీకుండా.

భర్త పరుగున వచ్చాడు. "ఏమైంది? నువ్వు చూశావా?"

ఇటుకల కింద సబ్బు నీళ్ళ గిన్నె నలిగిపోయి కనిపిస్తోంది. ఆమె పిల్ల జడను ఇంకా వదల్లేదు. ఆ భయమే నోట్లోంచి మాటై బయటికొచ్చింది.

"చూశాను. వంటింటి కిటికీలోంచి చూశాను. మామయ్య క్లచ్ తొక్కలేదు. కాలు పెడల్ మీద లేదు, కిందే వేలాడుతోంది."

వంటింటి కిటికీలోంచి చూస్తే ఆయన తల, భుజం, పెద్ద వెనక చక్రం, దాని మీది రేకు కనిపిస్తాయి. కాలు కనిపించదు. ఆ సంగతి ఆమెకు తెలియనిది కాదు. అయినా ఒకసారి అన్నాక ఆ మాట ఇంట్లో వస్తువులా ఒక చోట స్థిరపడిపోయింది. పది రోజులు గడిచేసరికి కింద వేలాడుతున్న కాలు ఆమె కళ్ళకు నిజంగానే కనిపించసాగింది.

ఆ సాయంత్రం భర్త తాళం అడిగితే మామగారు వెంటనే తీసిచ్చేశారు. "అమ్మాయి చూసిందిగా" అన్నారు. అంతే.

దుక్కి అద్దె బండితో అయిపోయింది. ట్రాక్టరును న్యూట్రల్లో వేసి నలుగురూ తోసి షెడ్డులో పెట్టారు. ఇక నడిపేవాళ్ళు లేరని భర్త అమ్మకానికి మనిషిని చూశాడు. ఆ మనిషి వచ్చి చూసి, "నడిచి లారీ ఎక్కితేనే కొంటాను" అన్నాడు. స్టార్ట్ చేసి గేరు వెయ్యబోతే పళ్ళు కొరికినట్టు ఒకటే గోల. అప్పుడు కబురెళ్ళింది మెకానిక్కుకి.

ఆ చుట్టుపక్కల అతన్ని అందరూ 'నిదానం' అంటారు. ఒక్క బోల్టు విప్పడానికి ముందు దాని చుట్టూ మూడుసార్లు తిరిగే రకం. ఇప్పటికి నాలుగుసార్లు ఈ ట్రాక్టరుకి చెయ్యేసిన మనిషి కూడా.

"గోడ గుద్దుకుంది కదన్నా, అందుకే క్లచ్ పోయింది" అంది కోడలు టీ ఇస్తూ. భర్త గోదాములో పనికి వెళ్ళిపోయాడు. మామగారు వెనక గదిలో ఉన్నారు. షెడ్డు వైపు రావడం ఆయన ఎప్పుడో మానేశారు.

"గోడ గుద్దితే ముందు రేడియేటరు జల్లెడ వంగుతుంది చెల్లమ్మా, క్లచ్ పోదు" అన్నాడు నిదానం. సగం గ్లాసు తాగి, మిగతా సగం మడ్‌గార్డు మీద పెట్టాడు. "క్లచ్ ప్లేటు పట్టేసింది. చూద్దాం, చిట్కా పని చేస్తుందేమో."

క్లచ్ పెడల్ని తాడుతో కిందికి బిగించి కట్టి, బండిని ఎలాగో పొలంలోకి దింపి, పై గేరులో పరుగెత్తించి ఒక్కసారి బ్రేకు కొట్టాడు. ఒక్కోసారి ఆ కుదుపుకే అతుక్కున్న ప్లేటు ఊడి వస్తుందట. నాలుగుసార్లు కొట్టాడు. బండి గుర్రంలా ఎగిరింది గానీ ప్లేటు వదల్లేదు.

"ఇక రెండు ముక్కలు చెయ్యాల్సిందే" అన్నాడు తిరిగొచ్చి.

చిట్టి కళ్ళు ఇంతయ్యాయి. "ట్రాక్టరుకి ఆపరేషనా మామా?"

"ఆపరేషనే. మత్తుమందు అక్కర్లేదు, అదొక్కటే తేడా."

ఆ రోజంతా విప్పడంతోనే సరిపోయింది. డీజిల్ గొట్టం, వైర్లు, స్టీరింగు కడ్డీ ఒక్కొక్కటే ఊడదీసి, బోల్టుల్ని పాత డబ్బా మూతల్లో వరసగా పెట్టాడు. గేరుబాక్సు కింద జాకీ, దుంగలు పేర్చాడు. మర్నాడు పొద్దున ముందు సగాన్ని దాని చక్రాల మీదే మెల్లగా ముందుకు జరిపాడు. ఇంజను ఒకవైపు, సీటూ పెద్ద చక్రాలూ ఒకవైపు. మధ్యలో జానెడు వెలుతురు పడింది, మూరెడైంది, మనిషి పట్టేంతైంది.

వాసన ముందు వచ్చింది. కోడలు కొంగు ముక్కుకు అడ్డం పెట్టుకుంది.

"అమ్మ బాబోయ్, ఇక్కడ కాపురమే పెట్టేశాయి" అన్నాడు నిదానం.

గేరుబాక్సు ముందున్న ఇనుప డొల్ల నిండా గూడు. దూది, గింజల పొట్టు, నమిలిన కాగితం, నీలం పూల గుడ్డ పేలికలు. క్లచ్ ప్లేటును వదులు చేసే ఇనుప వేళ్ళ మధ్యకి కూడా కూరి ఉంది. అతను స్క్రూ డ్రైవరుతో లాగితే చేపకి పేగులు తీసినట్టు వచ్చేస్తోంది. నీలం పూలు చూడగానే ఆమె గుర్తుపట్టింది. చలికాలంలో దుమ్ము పడుతుందని తానే ఇంజను మీద కప్పిన పాత బొంత అది. తీసి చూస్తే సగం దూది లేదు. అప్పుడు పిల్లిని తిట్టింది.

"నా మేజోడు!" అని అరిచింది చిట్టి.

పొట్టులోంచి ఎర్ర ఉన్ని ముక్క వేలాడుతోంది. నిజమే, అది మేజోడే. మడమ దాకా మిగిలింది. ఆరబెట్టిన మేజోడు కనపడకపోతే, "తాతయ్యే ఎక్కడో పెట్టి మర్చిపోయుంటాడు" అని ఇంటిల్లిపాదీ తేల్చేశారు. ఆయన పెట్టె మూడుసార్లు సర్దుకుని మరీ వెతికారు.

నిదానం ఇంజను వైపున్న క్లచ్ మూత విప్పాడు. ఉలితో అంచున తట్టాడు. తట్టగా తట్టగా ప్లేటు టక్కుమని ఊడింది. కింద ఇనుప చక్రం మీద ఎర్రటి తుప్పు, ప్లేటు అచ్చు గుద్దినట్టు గుండ్రంగా.

"ఎలుక ఉచ్చ" అన్నాడు. "ఇనుముకి అంతకంటే విషం ఇంకోటి లేదు. ఇదిగో చెల్లమ్మా, పెడల్ తొక్కితే ఈ ప్లేటు వదులవ్వాలి. చక్రం దారిన చక్రం, గేరు దారిన గేరు పోవాలి. వెల్డింగు పెట్టినట్టు అతుక్కుపోతే ఇంకెక్కడి వదులు? తొక్కినా తొక్కకపోయినా ఒకటే. కాలు అరిగేలా తొక్కినా బండి ముందుకే పోతుంది."

ఆమె చేతిలో ఖాళీ గ్లాసు ఉంది. దాన్ని రెండు చేతులతో పట్టుకుంది.

"గోడ గుద్దాక పట్టిందేమో అన్నా, తుప్పు?"

"అబ్బే. రెండు నెలల తుప్పు కాదిది. గూడు చూడు, ఎండి పొడైపోతోంది. బండి తీసే నాటికే ఇది ఇలాగే ఉంది." గుడ్డతో వేళ్ళు తుడుచుకుంటూ ఆమెకేసి చూశాడు. "పెద్దాయన తొక్కలేదన్నారు కదా అందరూ. తొక్కే ఉంటాడమ్మా పాపం."

ఆమె ప్లేటు మీది తుప్పుకేసి వంగి చూసింది.

"అయినా ఆయన చెక్క పెడతాడే! ఈసారి పెట్టలేదా?"

"ఏ చెక్క?"

"క్లచ్ చెక్క. బండి నెలల తరబడి కదలదనుకుంటే పెడల్ని కిందికి నొక్కి, దానికీ సీటుకీ మధ్య చెక్క ఆనించి పోతాడు. అలా ఉంటే ప్లేటు ఎడంగా ఉంటుంది, అతుక్కోదు. ఈ జాగ్రత్త ఇప్పుడెవరు చేస్తున్నారు? పాత పార పిడి కోసి, పెడల్ జారకుండా ఒక చివర గాడి చెక్కుకున్నాడు. నేనే చూశాను ఎన్నోసార్లు."

కోడలు గ్లాసు కడిగి తెస్తానని ఇంట్లోకి వచ్చేసింది.

వంటింటి కిటికీ రెక్క పైనుంచి వేలాడేది. బయటికి తోసి కింద ఊతం పెడితే తెరుచుకుని నిలబడుతుంది. పాత ఊతం విరిగిపోయిన రోజున షెడ్డులో సీటు పక్కన పడున్న చెక్క ఒకటి దొరికింది ఆమెకు. ఒక చివర జిడ్డు గుడ్డ చుట్టి ఉంటే విప్పి పారేసింది. రెండో చివర గాడి ఉంది. కిటికీ అంచు ఆ గాడిలో ఎంత చక్కగా కూర్చుందంటే, కొలతలిచ్చి చేయించినట్టుందని ఆమె ఆ రోజు ఎంతో సంబరపడింది.

ఇప్పుడూ అక్కడే ఉంది. గోడ కూలిన రోజున ఆమె బయటికి చూసిన ఆ కిటికీని తెరిచి పట్టుకున్నది అదే చెక్క.

ఆయన అడిగారు. కోతలయ్యి బండి షెడ్డులో పెట్టిన రోజున, "అమ్మాయ్, నా క్లచ్ చెక్క చూశావా?" అన్నారు. ఆమె ఉల్లిపాయలు తరుగుతోంది. "నాకేం తెలుసు మామయ్యా, మీ ట్రాక్టరు సామాన్లు" అంది తలెత్తకుండా. మర్నాడు మళ్ళీ అడిగారు. మూడోసారి భోజనం దగ్గర అడిగితే భర్త నవ్వాడు. "నాన్నా, కళ్ళజోడు నెత్తినే పెట్టుకుని ఇల్లంతా వెతికావు మొన్న. చెక్క కూడా నీ జేబులోనే ఉంటుంది చూసుకో." అందరూ నవ్వారు. ఆయనా నవ్వి ఊరుకున్నారు. ఆ వారమే దగ్గూ జ్వరంతో మంచాన పడ్డారు.

కోడలు చాలాసేపు ఆ చెక్కకేసి చూస్తూ నిలబడింది. ఈ సంగతి ఎవరికీ తెలియదు. తీసుకెళ్ళి షెడ్డులో గోనెల వెనక పడేస్తే సరిపోతుంది. ఎలుకల మాట నిదానం ఎలాగూ చెప్తాడు. తాను చూడలేదన్న సంగతి ఎవరూ అడగరు. అడిగినా, అలా అనిపించింది అనొచ్చు.

ఆమె చెక్క లాగింది. కిటికీ రెక్క దభాలున పడింది.

వెనక గదిలో మంచం కిర్రుమంది. మామగారు గుమ్మంలోకి వచ్చి నిలబడ్డారు. మనిషి బెదిరినట్టున్నారు.

"ఏదో పడిందా అమ్మాయ్?" అని ఆగి, గొంతు తగ్గించి అడిగారు. "నాకొక్కడికేనా వినిపించింది?"

ఇక ఆమె వల్ల కాలేదు.

"నాకూ వినిపించింది మామయ్యా. కిటికీ పడింది." చెక్క ఆయన ముందుకు చాపింది. "ఇది తీశాను. అందుకు పడింది."

ఆయన వెంటనే అందుకోలేదు. ముందు చూశారు. తర్వాత తీసుకుని, బొటనవేలు గాడిలో పెట్టి అటూ ఇటూ రాశారు.

"గుడ్డ ఏది?"

"జిడ్డుగా ఉందని పారేశాను."

"సీటు చిరగకుండా చుట్టానది."

"నాకు తెలీదు మామయ్యా."

"ఎన్నాళ్ళ నుంచీ ఉంది ఇక్కడ?"

"కోతలప్పటి నుంచీ."

ఆయన లోపల ఏదో లెక్క సరిచూసుకుంటున్నట్టు పెదాలు కదిలాయి. "నేను అడిగాను కదూ?"

"అడిగారు."

"రెండుసార్లు అడిగాను."

"మూడుసార్లు మామయ్యా. మూడోసారి భోజనం దగ్గర."

"అవును. భోజనం దగ్గర." గోడకి చెయ్యి ఆనించుకున్నారు. "ఇంకోటి చెక్కుదామనే అనుకున్నాను. ఈలోగా జ్వరం వచ్చింది. ఆ తర్వాత... అసలు చెక్కంటూ ఉందా, నేనే కల్పించుకున్నానా అనిపించింది."

నిదానం చెప్పిందంతా ఆమె చెప్పింది. ప్లేటు, తుప్పు, గూడు, మేజోడు. చెప్తున్నంతసేపూ ఆయన చెక్కనే చూస్తున్నారు. అంతా అయ్యాక ఒక్క మాట మిగిలింది.

"ఇంకోటి ఉంది మామయ్యా. నేను చూడలేదు."

"ఏది?"

"మీ కాలు. ఈ కిటికీలోంచి కనపడదు. చిట్టి అక్కడే కూర్చుని లేచొచ్చింది, ఆ భయంలో అనేశాను. మీరు క్లచ్ తొక్కే ఉన్నారు."

ఆయన తలెత్తారు. ఆమె తిట్టు కోసం ఎదురుచూసింది. తిడితే బాగుండుననుకుంది కూడా.

"రోజూ స్నానం చేసేటప్పుడు ఈ ఎడమ కాలిని చూసుకునేవాణ్ణి" అన్నారు చివరికి. "తొక్కానని నేను అనుకోవడమేంటి, ఇది తొక్కకపోవడమేంటి అని. నా కాలే నాకు అబద్ధం చెప్పిందనుకున్నాను." చెక్క చివరతో ఆ కాలిని ఒకసారి తట్టారు. "నువ్వు చూశానన్నావు కాబట్టి నమ్మాను అమ్మాయ్. ఇంకెవరన్నా అయితే పోట్లాడేవాణ్ణి."

ఆయన ఫరవాలేదులే అనలేదు. ఆమె కూడా ఆ మాట ఆశించలేదు. చెక్క చంకలో పెట్టుకుని ఆయన గుమ్మం దాటారు. చెప్పులెక్కడున్నాయని ఎవరినీ అడగలేదు. ఎడమ కాలికి తనదీ కుడి కాలికి కొడుకుదీ వేసుకుని షెడ్డుకేసి నడిచిపోయారు.

కాసేపటికి అక్కడి నుంచి కేకలు వినిపించాయి. రెండు నెలల తర్వాత ఆ గొంతు అంత పైకి లేవడం అదే మొదటిసారి.

"ఈ డొల్ల కింద కంతకి రేకు మూత ఉండాలి, ఏదీ? ఎలుకలు అందులోంచి కాక ఆకాశంలోంచి దిగాయా?"

"అది... ఆరేళ్ళ కింద నేను విప్పినప్పుడు పెద్దాయనా..."

"మళ్ళీ పెట్టలేదు! నీ నిదానం తగలెయ్యా!"

"దొరకలేదు పెద్దాయనా, వెతుకుతూనే ఉన్నాను."

"ఆరేళ్ళ నుంచా?"

ఇద్దరూ నవ్వడం వినిపించింది. ఆ తర్వాత మామగారి గొంతు, ఈసారి మామూలుగా: "బ్రేకన్నా తొక్కాల్సింది నేను. అది తోచలేదు. అది మాత్రం నా తప్పే."

సాయంత్రం భర్త రాగానే ఆమె మామగారి ముందే అన్నీ చెప్పింది. "మరి చూశానన్నావు కదా?" అన్నాడతను. "అన్నాను. చూడలేదు" అంది. అతను ఆమెకేసి చూశాడు, తండ్రికేసి చూడలేకపోయాడు. జేబులోంచి తాళం తీసి తండ్రి కంచం పక్కన పెట్టాడు.

మామగారు దాన్ని ముట్టుకోలేదు. "ముందు గోడ కట్టించు" అన్నారు. "నేను స్టార్ట్ చేసేటప్పుడు ముందు వైపు పురుగు కూడా ఉండకూడదు. ఆ కొనేవాడికి రావద్దని చెప్పు." అన్నం ముగించి, చెయ్యి కడుక్కుని వచ్చి, అప్పుడు తీసుకున్నారు.

కొత్త ప్లేటు వెయ్యడానికి, రెండు ముక్కల్నీ మళ్ళీ ఒకటి చెయ్యడానికి ఇంకో మూడు రోజులు పట్టింది. ఆ మూడు రోజుల్లో మామగారు కోడలితో అవసరమైన మేరకే మాట్లాడారు. ఆమె ఆ మేరకే జవాబిచ్చింది. మూడో రోజు పొద్దున వంటింటి గట్టు మీద ఒక కొత్త చెక్క కనిపించింది. కత్తితో నున్నగా చెక్కి, చివర గాడి తీసి ఉంది. కిటికీ కింద పెట్టి చూస్తే సరిగ్గా సరిపోయింది.

కింద కంతకి మూత బిగించాక నిదానం కేకేశాడు. "ఎవరైనా ఎక్కి పెడల్ తొక్కండి!"

కోడలు చిట్టిని చంకనేసుకుని షెడ్డుకి దూరంగా, పక్కగా నిలబడింది. చంకన మోసే వయసు కాకపోయినా మొయ్యాలనిపించింది. మామగారు సీటెక్కారు. ఈసారి ఆమె కిటికీలోంచి కాకుండా అటు పక్క నుంచి చూసింది. ఎడమ కాలు పైకి లేచి, పెడల్ మీద కూర్చుని, నెమ్మదిగా కిందిదాకా దిగింది. తాళం తిరిగింది. ఇంజను అందుకుంది. గేరు కిక్కురుమనకుండా పడింది. బండి మాత్రం ఉన్నచోటే ఉంది, ఆయన కాలు వదిలేదాకా.

వదిలారు. బండి అడుగు ముందుకు వేసింది. మళ్ళీ తొక్కారు. ఆగింది. మళ్ళీ వదిలారు, మళ్ళీ తొక్కారు. చాలని నిదానం చెయ్యూపుతున్నా ఆపలేదు. చిట్టి చప్పట్లు కొట్టింది.

ఇంజను మోతను మించి ఆయన ఇటు తిరిగి అరిచారు.

"అమ్మాయ్! నేనింకా టీ తాగలేదు!"

అరగంట క్రితమే తాగారు. ఆ గ్లాసు మడ్‌గార్డు మీదే ఉంది, అడుగున మరకతో, ఇంజను అదురుకి చిన్నగా గలగలమంటూ. కోడలు దగ్గరికి వెళ్ళి గ్లాసు తీసుకుంది.

"ఇదిగో మామయ్యా, పెడుతున్నాను" అని, పాలు పొయ్యి మీద పెట్టడానికి లోపలికి వెళ్ళింది.